కరెంటు ఆగాక వెలిగే లేజర్: హీలియం–స్ట్రాన్షియం గొట్టం కట్టి నడిపే పద్ధతి

చాలా గ్యాస్ లేజర్లలో కరెంటు పారుతున్నంతసేపే వెలుగు ఉంటుంది. వేడి ఎలక్ట్రాన్లు పరమాణువులను గుద్ది పై స్థాయికి ఎక్కిస్తాయి, అవి దిగుతూ కాంతినిస్తాయి. పునఃసంయోగ లేజర్ తీరు దీనికి తలకిందులు. ముందు గ్యాసును బాగా అయనీకరించి (పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసి) ప్లాస్మాగా మార్చి, వెంటనే కరెంటు తెంపేసి, ఎలక్ట్రాన్లను చల్లార్చాలి. చల్లబడిన ఎలక్ట్రాన్లు అయాన్లలోకి తిరిగి చేరుతూ పై నుంచి మెట్టు మెట్టుగా దిగుతాయి, లేజర్ ఆ దిగుడులో పుడుతుంది. 1960ల తొలినాళ్లలో మాస్కోలో భౌతిక శాస్త్రవేత్తలు గుద్జెంకో, షెలెపిన్ ఈ ఆలోచనను కాగితం మీద పెట్టారు. 1970ల్లో రొస్తోవ్‌లో లాతుష్, సేమ్ బృందం స్ట్రాన్షియం, కాల్షియం అయాన్లతో దాన్ని గొట్టంలో వెలిగించింది. ఇక్కడ చెప్పేది ఆ స్ట్రాన్షియం గొట్టం గురించే. దాని లేజర్ గీతలు రెండు: 430.5 నానోమీటర్లది బలమైనది, 416.2 దానికి తోడు. రెండూ కంటికి కనిపించే ఊదా నీలం. దీపావళి మతాబుల్లో ఎర్రటి మంట ఇచ్చేవి కూడా స్ట్రాన్షియం సమ్మేళనాలే, కానీ ఆ ఎరుపుకీ ఈ గీతలకీ సంబంధం లేదు.

వాక్యూమ్ పనీ, హై వోల్టేజి పల్సు పనీ చేసిన చేయి ఉన్న ప్రయోగశాల కోసం రాసింది ఇది. ఇంట్లో బల్ల మీద పెట్టుకునే వస్తువు కాదు. 12 కిలోవోల్టుల కెపాసిటర్ ఒక్క పొరపాటుకే ప్రాణం తీస్తుంది.

ముందు లెక్క, తర్వాత గొట్టం

స్ట్రాన్షియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 5.69 ఎలక్ట్రాన్‌వోల్టులు, రెండోదానికి 11.03, మొత్తం 16.7 కావాలి. రెండూ పోవాల్సిందే. ఎందుకంటే మనకు కావలసిన కాంతి ఒక ఎలక్ట్రాన్ పోయిన అయాన్‌ది, ఆ అయాన్‌ను దాని పై స్థాయిలో తయారు చేసేది రెండు పోయిన అయాన్. పునఃసంయోగంలో రెండు ఎలక్ట్రాన్లు ఒకే అయాన్ దగ్గర కలుస్తాయి. ఒకటి చిక్కుతుంది, రెండోది మిగులు శక్తిని ఎత్తుకుపోతుంది. చిక్కిన ఎలక్ట్రాన్ ముందు చాలా పై స్థాయిలో పడి, దగ్గర దగ్గరగా ఉన్న మెట్ల మీదుగా గబగబా దిగి, 5.92 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరున్న 6ఎస్ స్థాయికి చేరుతుంది. దాని కింది 5పి జంట 3.04, 2.94 దగ్గర ఉంది. మధ్యలో దాదాపు 3 ఎలక్ట్రాన్‌వోల్టుల ఖాళీ. చల్లని ఎలక్ట్రాన్ల తాకిడికి ఆ ఖాళీ దాటడం కష్టం, అందుకే 6ఎస్ దగ్గర అయాన్లు పోగవుతాయి. 5పి కింద 1.8 దగ్గర 4డి ఉంది కాబట్టి 5పి మాత్రం అదే ఎలక్ట్రాన్ల తాకిడికి త్వరగా ఖాళీ అవుతుంది. పైన నిండు, కింద ఖాళీ; లేజర్‌కు కావలసింది ఇదే. వేరే లోహంతో ప్రయత్నించాలనుకునేవాళ్లు శక్తి స్థాయిల పటంలో ముందు వెతకాల్సింది 6ఎస్‌కీ 5పికీ మధ్య ఉన్నలాంటి పెద్ద ఎడమే.

ఇక వేగం. ఈ పునఃసంయోగం రేటు ఎలక్ట్రాన్ సాంద్రత వర్గంతో పెరుగుతుంది, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత నాలుగున్నర ఘాతంతో తగ్గుతుంది. ఉష్ణోగ్రత సగం చేస్తే రేటు 22 రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట. 609 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్ట్రాన్షియం ఆవిరి పీడనం 10 పాస్కళ్లు, అంటే ఘన సెంటీమీటరుకు సుమారు 8×10¹⁴ పరమాణువులు. అన్నీ రెండేసి ఎలక్ట్రాన్లు వదిలితే ఎలక్ట్రాన్ సాంద్రత 1.6×10¹⁵. ఆ సాంద్రత దగ్గర ఎలక్ట్రాన్లు (వాటి వేడినీ శక్తి కొలతలోనే చెబుతారు) 1 ఎలక్ట్రాన్‌వోల్ట్ వేడిలో ఉంటే పునఃసంయోగానికి 5 మైక్రోసెకండ్లకు పైగా పడుతుంది. 0.5కు దిగితే 250 నానోసెకండ్లు. 0.3కు దిగితే 25. లేజర్ పుట్టడం పుట్టకపోవడం 1కీ 0.3కీ మధ్య తేలిపోతుంది.

ఎలక్ట్రాన్లను చల్లార్చేది హీలియం. ఒక్కో తాకిడిలో ఎలక్ట్రాన్ తన శక్తిలో 3,700వ వంతు మాత్రమే హీలియానికి ఇస్తుంది. చూడటానికి చిన్నదే, కానీ నియాన్ అయితే దాంట్లో అయిదో వంతు, ఆర్గాన్ అయితే పదో వంతు. 300 టార్ (టార్ పీడనం కొలమానం) హీలియంలో, గ్యాసు 1,000 కెల్విన్ల దగ్గర ఉన్నప్పుడు, చల్లారే కాలం సుమారు 35 నానోసెకండ్లు. అదే 5 టార్ దగ్గర 2 మైక్రోసెకండ్లు దాటుతుంది. హీలియం–నియాన్ గొట్టాలు కట్టిన అలవాటుతో తక్కువ పీడనంలో మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఇంకో చిక్కూ ఉంది. పునఃసంయోగం చెందే ప్రతి ఎలక్ట్రాన్ తన శక్తిని తోటి ఎలక్ట్రాన్లకే వదిలి వాటిని మళ్లీ వేడెక్కిస్తుంది. హీలియం ఆ వేడిని లాగుతూనే ఉండాలి.

గొట్టం

కొలతలు ఇలా మొదలుపెట్టండి: లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, ప్లాస్మా పొడవు 45 సెంటీమీటర్లు. స్ట్రాన్షియం వేడి మీద క్వార్ట్జ్‌ను తినేస్తుంది. సిలికాలోని ఆక్సిజన్‌ను లాక్కుని గోడను నల్లబరుస్తుంది, చివరికి పగలగొడుతుంది. అందుకని ఆవిరి తగిలే ప్రతి చోటా 99.7 శాతం అల్యూమినా వాడండి. బెరీలియా వేడిని ఇంకా బాగా బయటికి పంపుతుంది, కానీ దాని ధూళి ఊపిరితిత్తులకు విషం. కోయడం, అరగదీయడం మీ చేతుల్లో పెట్టుకునేట్టయితే అసలు వద్దు.

45 సెంటీమీటర్లూ ఒకే గొట్టంగా పెట్టకండి, లోహపు ముక్కలు పెట్టే చోటు ఉండదు. 4.5 సెంటీమీటర్ల అల్యూమినా ముక్కలు తొమ్మిది తీసుకుని, వాటి మధ్య 6 మిల్లీమీటర్ల ఖాళీలు ఎనిమిది వదులుతూ, 14 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పెద్ద అల్యూమినా గొట్టంలో వరసగా దూర్చండి. ప్రతి ఖాళీ అడుగునా 3 మిల్లీమీటర్ల లోతు గుంట ఏర్పడుతుంది. స్ట్రాన్షియం అందులో కూర్చుంటుంది, కాంతి దారికి అడ్డురాదు. దీనంతటినీ వాక్యూమ్ పట్టే క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి, మధ్యలో సిరామిక్ ఫైబర్ చుట్టండి. ఆ ఫైబర్ మందం మీద చాలా ఆధారపడి ఉంటుంది. మందంగా చుడితే తక్కువ పవర్‌తోనే 600 డిగ్రీలు వచ్చేస్తాయి, ఆ తర్వాత పవర్ పెంచడానికి దారి ఉండదు. పలచగా చుడితే ఎక్కువ పవర్ పెట్టవచ్చు. 700 వాట్ల దగ్గర 600 డిగ్రీలు నిలిచేలా ఫైబర్ తీస్తూ, చేరుస్తూ సరిచూసుకోండి. ఈ పని స్ట్రాన్షియం వేయకముందే, ఉత్త హీలియంతో పూర్తిచేయాలి.

ఎలక్ట్రోడ్లకు మాలిబ్డినం రేకును చుట్టి చేసిన స్థూపాలు సరిపోతాయి. కిటికీలు ఫ్యూజ్డ్ సిలికావి, వేడి భాగానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, బ్రూస్టర్ కోణంలో (కాంతి వెనక్కి తిరగకుండా దాటే వాలు) పెట్టండి. ఈ రంగు దగ్గర అది 55.7 డిగ్రీలు. హీలియం లోపలికి వచ్చే దారి కిటికీ పక్కనే ఉంటే ఆవిరి అటు రాకుండా నెమ్మదిగా నెడుతూ ఉంటుంది. గంటల తరబడి నడిపే గొట్టానికి ఇది తప్పనిసరి.

స్ట్రాన్షియం

ఖనిజ నూనెలో నిల్వ ఉంచిన లోహం తెచ్చుకోండి. ఒక్కో గుంటకు 0.2 గ్రాములు, ఎనిమిదింటికి 1.6 గ్రాములు. 5 మిల్లీమీటర్ల చదరం, 3కు కాస్త తక్కువ మందం ఉండే బిళ్లలుగా కోయండి. కోత, గీకుడు అంతా పొడి ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్‌లోనే. నైట్రోజన్ పనికిరాదు, స్ట్రాన్షియం దానితోనూ కలుస్తుంది. పొడి హెక్సేన్‌తో నూనె కడిగి, వెండిలా మెరిసేదాకా పైపొర గీకండి. పసుపు తిరిగిన ముక్క గొట్టంలోకి ఆక్సైడును మోసుకొస్తుంది. పక్కన నీళ్లు ఉండకూడదు. మంటలార్పడానికి పొడి ఇసుకో, లోహపు మంటలకు వాడే పొడో పెట్టుకోండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఈ మంట మీద పనిచేయదు సరికదా, ఎగదోస్తుంది.

పల్సు ఇచ్చే సర్క్యూట్

2 నానోఫారడ్ల నిల్వ కెపాసిటర్ (డోర్‌నాబ్ సిరామిక్‌లు సమాంతరంగా), హైడ్రోజన్ థైరాట్రాన్ (హై వోల్టేజి స్విచ్), ఛార్జింగ్ ఇండక్టర్, డయోడ్, గొట్టానికి అడ్డంగా వందల మైక్రోహెన్రీల బైపాస్ ఇండక్టర్. 6 కిలోవోల్టుల డీసీ నుంచి రెజొనెంట్ ఛార్జింగ్‌తో కెపాసిటర్ 12 దాకా ఎక్కుతుంది. పల్సుకు 0.144 జౌళ్లు, సెకండుకు 5,000 పల్సులైతే 720 వాట్లు. గొట్టం ఘనపరిమాణం సుమారు 23 ఘన సెంటీమీటర్లు కాబట్టి ఘన సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్లు పడతాయి. స్ట్రాన్షియం అంతటినీ రెండేసి సార్లు అయనీకరించడానికి 2 మిల్లీజౌళ్లకు కొంచెం పైన చాలు. మిగతాది హీలియంలోకీ, థైరాట్రాన్‌లోకీ, తీగల్లోకీ పోతుంది. ఇది ఎక్కువ ధారాళమైన లెక్క కాదని గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

కరెంటు అలను 120 నానోసెకండ్లలో ముగించాలంటే సర్క్యూట్ మొత్తం ఇండక్టెన్స్ 0.7 మైక్రోహెన్రీలు మించకూడదు. శిఖరం దగ్గర 300 ఆంపియర్లు వస్తాయి. గొట్టం చుట్టూ రాగి జాలీని స్థూపంలా చుట్టి అదే తిరుగుదారిగా వాడండి. గొట్టానికి ఒక మీటరు దూరాన పెట్టెలో థైరాట్రాన్ పెట్టి తీగ లాగితే ఆ తీగే సగం ఇండక్టెన్స్ తినేస్తుంది.

కరెంటు ఎంత నిటారుగా లేచిందన్నదాని కంటే ఎంత శుభ్రంగా పడిందన్నది ముఖ్యం. పడ్డాక అల వెనక్కి తిరిగి రెండోసారి పారిందంటే, చల్లారుతున్న ఎలక్ట్రాన్లు సరిగ్గా లేజర్ రావలసిన వేళకు మళ్లీ వేడెక్కుతాయి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌తో ఆసిలోస్కోప్ మీద చూడండి. తిరుగు అల మొదటి శిఖరంలో పదో వంతు దాటితే, గొట్టం నిరోధానికి తగినట్టు కెపాసిటర్ విలువ మార్చండి, లేదా వెనక్కి పారకుండా సాచురబుల్ ఇండక్టర్ వేయండి. వేగం కోసం గొట్టానికి అడ్డంగా పీకింగ్ కెపాసిటర్ పెట్టడం రాగి ఆవిరి లేజర్ల అలవాటు. ఇక్కడ అది కరెంటు అల చివర చిన్న తోకను వదులుతుంది. మొదట్లో పెట్టకండి.

వేడి ఎక్కించే క్రమం

గొట్టాన్ని 10⁻⁵ టార్ దాకా పీల్చి, వాల్వు మూసి చూడండి. పది నిమిషాల్లో 1 మిల్లీటార్ కంటే ఎక్కువ పెరిగితే లీకు వెతకాలి. హీలియం 99.999 శాతానిది, అదీ వేడి టైటానియం మీదుగా పంపింది.

స్ట్రాన్షియం లేకుండా 30 టార్ హీలియంలో డిశ్చార్జ్ (గ్యాసు గుండా కరెంటు) నడిపి, 700 డిగ్రీల దాకా తీసుకెళ్లి, గంటల కొద్దీ ఉంచి గోడలను శుభ్రం చేయండి. అల్యూమినా పగలకుండా నిమిషానికి 5 డిగ్రీల చొప్పునే ఎక్కాలి, దిగాలి. చల్లారాక ఆర్గాన్ నింపి, స్ట్రాన్షియం వేసి, పీల్చి, మళ్లీ 30 టార్ హీలియంతో మొదలుపెట్టండి. 300 టార్‌తో మొదలుపెడితే 12 కిలోవోల్టులకు చల్లని గొట్టంలో డిశ్చార్జ్ మొదలవకపోవచ్చు. మొదలైనా తీగలా ముడుచుకుని ఒక పక్కకు పోతుంది.

450 దాటాక హైడ్రోజన్ బయటికి వస్తుంది, అది లోహంలో దాగినదే. స్పెక్ట్రోమీటర్‌లో 656.3 గీత కనిపిస్తుంది. అది పోయేదాకా గ్యాసు మారుస్తూ అక్కడే ఆగండి. తొందరపడి పైకి వెళితే స్ట్రాన్షియం మీద పొర కట్టి, తర్వాత 600 దగ్గర కూడా ఆవిరి రాదు. 550 తర్వాత పక్క నుంచి చూస్తే హీలియం పసుపు గీత 587.6 మసకబారి, 460.7, 421.6, 407.8 నీలాలు లేస్తాయి. అప్పుడు హీలియాన్ని 100, 200, 300 టార్‌లకు మెల్లగా పెంచండి.

ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌ను భూమికి కలిపిన ఎలక్ట్రోడ్ వైపు, క్వార్ట్జ్ బయట పెట్టండి. హై వోల్టేజి కొసన పెడితే ఒక్క పల్సుకే మీటరు పోతుంది. మధ్యలో ఫైబర్ ఉంది కాబట్టి అది చూపేది లోపలి వేడి కంటే బాగా తక్కువ. ఆ తేడా ఎంతో ఖాళీ గొట్టంతో నడిపినప్పుడే, లోపల ఇంకో థర్మోకపుల్ పెట్టి, డిశ్చార్జ్ ఆపిన క్షణంలో కొలిచి రాసుకోండి.

అద్దాలు, మొదటి వెలుగు

430 నానోమీటర్లకు పూత పూసిన రెండు మీటర్ల వక్రత అద్దం ఒక వైపు, 85 శాతం వెనక్కి పంపే సమతల అద్దం రెండో వైపు, మధ్య ఒక మీటరు. ఒక రానుపోను 6.7 నానోసెకండ్లు. లాభం (గొట్టం కాంతిని బలపరిచే గుణం) కొన్ని వందల నానోసెకండ్లు నిలుస్తుంది కాబట్టి కాంతికి ముప్పై నలభై చుట్లు తిరిగే తీరిక ఉంటుంది. హీలియం–నియాన్ లేజర్ పుంజాన్ని రంధ్రం మధ్యగా పంపి అద్దాలు సరిచేయండి. లేజర్ వెలిగాక బయటి అద్దాన్ని 70 శాతానిదానికి మార్చి చూడండి. పవర్ పెరిగితే మీ లాభం బాగుందన్నమాట.

ఫోటోడయోడ్ ముందు 430 నానోమీటర్ల ఫిల్టర్ తప్పక పెట్టండి. ఇదే గొట్టం 1.03, 1.09 మైక్రోమీటర్ల దగ్గరా, 6.45 మైక్రోమీటర్ల దగ్గరా కరెంటు పారుతుండగానే వేరే రకం లేజర్ ఇవ్వగలదు. అసలుదేదో గుర్తుపట్టడం సులువే. ఆసిలోస్కోప్‌లో కరెంటు గీత కిందికి చేరాక లేచేదే పునఃసంయోగ కాంతి. కరెంటుతో పాటు లేచేది ఏదైనా సరే, అది కాదు. 430 దగ్గరి నీలం కంటి రెటీనాకు చాలా చేటు, ఆ రంగుకు సరిపోయే కళ్లద్దాలు లేకుండా అద్దాలు ముట్టుకోకండి.

వెలగనప్పుడు

ఎక్కువసార్లు కారణం అతివేడి. వెలుగు రావడంలేదని ఉష్ణోగ్రత పెంచుతూ పోతారు. 717 డిగ్రీల దగ్గర స్ట్రాన్షియం పీడనం 100 పాస్కళ్లు, సాంద్రత తొమ్మిది రెట్లు. దాన్నంతా రెండేసి సార్లు అయనీకరించడానికి ఘన సెంటీమీటరుకు 20 మిల్లీజౌళ్లు కావాలి, మనం ఇచ్చేది 6. ఎలక్ట్రాన్లు స్ట్రాన్షియాన్ని ఒక్కసారి అయనీకరించేసరికే అలసిపోతాయి. గుర్తు: అయనీకరించని స్ట్రాన్షియం గీత 460.7 మరీ బలంగా ఉంటుంది, 430.5 వెనకబడుతుంది. డిశ్చార్జ్‌తోనే వేడెక్కే గొట్టం కాబట్టి ఇది తనంతట తాను ముదురుతుంది. పల్సుల రేటు తగ్గించి 580కి దించి, పది డిగ్రీల చొప్పున ఎక్కించండి. 590కీ 640కీ మధ్య ఎక్కడో శిఖరం దొరుకుతుంది.

లేజర్ కరెంటు ఆగిన చాలాసేపటికి, బలహీనంగా వస్తుంటే హీలియం తక్కువ. డిశ్చార్జ్ వణుకుతూ, గోడకు అంటుకుంటూ ఉంటే ఎక్కువ.

గొట్టం ఒక కొస ఊదాగా, మరో కొస లేత గులాబీ పసుపుగా కనిపిస్తే స్ట్రాన్షియం అయాన్లు ఒక పక్కకు కొట్టుకుపోతున్నాయి. కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది కాబట్టి ధన అయాన్లు కాథోడ్ వైపు జరుగుతాయి. హీలియాన్ని కాథోడ్ నుంచి ఆనోడ్ వైపు నెమ్మదిగా పారించండి, ఆనోడ్ వైపు గుంటల్లో కాస్త ఎక్కువ లోహం వేయండి.

పల్సుల రేటు పెంచుతుంటే మొదట సగటు పవర్ పెరిగి, తర్వాత పుంజం మధ్యలో నల్లటి చుక్క పడితే, నడిమి గ్యాసు మరీ వేడెక్కింది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత గ్యాసు ఉష్ణోగ్రత కంటే కిందికి దిగలేదు. గోడ దగ్గర చల్లగా ఉన్నచోట మాత్రమే లేజర్ మిగిలి, పుంజం చేతి గాజులా గుండ్రంగా బోలుగా వస్తుంది. ఇన్సులేషన్ పలచన చేసి ప్రయోజనం లేదు, రేటు తగ్గించాలి, లేకపోతే సన్న రంధ్రానికి మారాలి. పెద్ద గొట్టం కడితే పెద్ద పవర్ వస్తుందనే ఆశకు ఈ లేజర్ ఒప్పుకోదు.

కాల్షియంతో అయితే 373.7, 370.6 నానోమీటర్ల అతినీలలోహిత గీతలు వస్తాయి. అదే 10 పాస్కళ్లకు 683 డిగ్రీలు కావాలి, అయనీకరణకు 18 ఎలక్ట్రాన్‌వోల్టులు. మిగతాదంతా ఇదే. ఇదే సూత్రాన్ని ఇంకా పైకి తీసుకెళితే ఎక్స్‌రేల దాకా పోవచ్చు. 1980ల మధ్యలో ప్రిన్స్‌టన్‌లో సకీవర్ బృందం కార్బన్ లక్ష్యాన్ని శక్తిమంతమైన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో కొట్టి, ఆ ప్లాస్మాను 9 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో పట్టి ఉంచి, 18.2 నానోమీటర్ల దగ్గర కాంతి బలపడటం చూపింది. హైడ్రోజన్ ఎర్ర గీత 656.3ను కార్బన్ కేంద్రక ఆవేశం 6 వర్గంతో భాగిస్తే వచ్చే అంకె అది. అక్కడ వేడిని లాగేది హీలియం కాదు, కార్బన్ అయాన్లే కాంతిగా పారబోస్తాయి.

ఆపడం

వోల్టేజి తగ్గించేటప్పుడు హీలియాన్ని లోపలే ఉంచండి, వేడిగా ఉండగా పంపు తెరిస్తే స్ట్రాన్షియం కిటికీల మీదికి పరుగెత్తుతుంది. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 200 కిందికి వచ్చాక, కెపాసిటర్‌ను బ్లీడర్‌తో ఖాళీ చేసి, భూమికి కలిపిన లోహపు కొస ఉన్న కర్రతో తాకించి, కర్రను అక్కడే తగిలించి ఉంచండి. గొట్టం విప్పాల్సి వస్తే ఆర్గాన్ నింపి విప్పాలి. గోడలకు అంటిన సన్నటి స్ట్రాన్షియం పొడికి గాలి తగిలితే చాలు, నిప్పంటుకోగలదు. ఫ్యూమ్ హుడ్ కింద పొడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బుడగలు ఆగేదాకా నానబెట్టి, ఆ తర్వాతే నీళ్లు చుక్క చుక్కగా కలపండి. వచ్చేది హైడ్రోజన్, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. మిగిలిన తెల్లటి పొర పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వదులుతుంది. కడిగిన అల్యూమినాను 900 డిగ్రీల కొలిమిలో ఒక రాత్రంతా ఉంచితే మళ్లీ వాడుకోవచ్చు.